అడ్మిషన్ ప్యాకేజీ సమీక్ష: ఎస్ఓపీలోంచి మా మామ మాయమయ్యాడు

ఫీజు ఎంత, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ కలిపి ఇస్తారా, ఏయే దేశాలకు పంపిస్తారు లాంటివి పాంప్లెట్‌లోనే ఉంటాయి. వాటి జోలికి పోను. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, హనుమకొండలో బ్రాంచి ఉన్న ఒక కన్సల్టెన్సీ దగ్గర 'ప్రీమియం' ప్యాకేజీ తీసుకున్నాను. డిగ్రీ రెండో ఏడాదిలో చేరి, ఇంటర్నేషనల్ రిలేషన్స్ (ఐఆర్, అంటే దేశాల మధ్య సంబంధాలు) మాస్టర్స్‌కి అప్లికేషన్లన్నీ పంపేదాకా వాడాను. ఇక్కడ రాసేది ప్రధానంగా ఒక్క ఫీచర్ గురించే: ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో పంపే వ్యాసం) ఎడిటింగ్. మిగతావాటితో సర్దుకుపోవచ్చు. దీని మీద మాత్రం నాకింకా కోపం తగ్గలేదు.

ముందు మంచి చెప్పాలి. కాగితాల పని బాగా చేశారు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ ఎలా తెప్పించుకోవాలి, ఏది స్కాన్ చేస్తే చాలు, దేనికి కాలేజీ ముద్ర కావాలి, ఎక్కడ చివరి తేదీ ఎప్పుడు, అన్నీ ఒక షీట్‌లో పెట్టి ఇచ్చారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్ఎస్ఈ) లాంటి చోట అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టు చూస్తారు, సీట్లు నిండితే కోర్సు మూసేస్తారు, కాబట్టి చివరి తేదీ దాకా ఆగొద్దు అని చేరిన రోజే చెప్పారు. మా ఇంట్లో ఇంతకుముందు డిగ్రీ దాటినవాళ్లే లేరు. ఈ మాట చెప్పడానికి నాకు ఇంకెవరున్నారు? అప్పట్లో నా ఫ్రెండ్స్ అందరికీ కళ్లు మూసుకుని చేరమన్నాను.

'ప్రొఫైల్ బిల్డింగ్' పేరుతో హైదరాబాద్‌లో ఒక మోడల్ యునైటెడ్ నేషన్స్‌కి (విద్యార్థులు ఒక్కో దేశం తరఫున కూర్చుని ఐక్యరాజ్యసమితిలా చర్చించే పోటీ) పంపారు. దాని ఫీజు వేరే. ఉరుగ్వే తరఫున కూర్చుని, పక్కవాళ్లు రాసిన తీర్మానానికి చెయ్యెత్తి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. భోజనం మాత్రం బాగుంది.

ఇక ఎస్ఓపీ. ఎల్ఎస్ఈ దీన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ అకడమిక్ పర్పస్ అంటుంది. మన జీవితకథ కాదు, ఏ ప్రశ్న పట్టుకుని చదవాలనుకుంటున్నావు, ఇప్పటిదాకా ఏం చదివావు, ఈ కోర్సే ఎందుకు, ఇవి చెప్పాలి. నేను మొదటి డ్రాఫ్ట్ మా చిన్న మామతో మొదలుపెట్టాను. ఆయనది జగిత్యాల వైపు ఊరు. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి పాస్‌పోర్ట్ ఈసీఆర్‌ది (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్). అంటే గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్స్ కావాలి. కరోనా టైంలో దుబాయ్ నుంచి తిరిగొచ్చి, మళ్లీ పోయేటప్పుడు పాత జీతం కన్నా తక్కువకు సంతకం పెట్టాడు.

ఇది ఇంటి బాధ, ఐఆర్ ఎక్కడుంది అనొచ్చు. ఉంది. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం గల్ఫ్ దేశాలకు పోయే మన కార్మికుల కనీస రెఫరల్ వేతనాన్ని (ఇంతకన్నా తక్కువ జీతానికి మనవాళ్లను తీసుకోకూడదని మన ప్రభుత్వం పెట్టే రేటు) 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. యూఏఈ, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లు. రేటు దించకపోతే ఆ ఉద్యోగాలు పక్క దేశాలవాళ్లకు పోతాయన్నది దాని వెనకున్న భయం. తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది, 2021లో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. కార్మికులను పంపే ఆసియా దేశాలు కలిసి మాట్లాడుకోవడానికి కొలంబో ప్రాసెస్ అని 2003 నుంచే ఒక వేదిక ఉంది. తీసుకునే దేశాలు కూడా కూర్చునే అబుదాబి డైలాగ్ 2008లో వచ్చింది. మరి ఇన్నేళ్లుగా ఒక బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు, ఒకరి రేటు ఒకరు ఎందుకు కోసుకుంటారు? నా డ్రాఫ్ట్ మొత్తం ఈ ప్రశ్న చుట్టే తిరిగింది. డిగ్రీ ఆరో సెమిస్టర్ ప్రాజెక్టు కూడా దీని మీదే చేశాను. పార్లమెంటులో విదేశాంగ శాఖ ఇచ్చిన జవాబులు వెతికి వెతికి చదివాను.

ఎడిటింగ్‌కి పంపాను. వారం తర్వాత ఫైలు తిరిగొచ్చింది. ఏం మార్చారో గీతలు పెట్టి చూపించలేదు, శుభ్రంగా కొత్త ఫైలే. మొదటి వాక్యంలో నాకు చిన్నప్పటి నుంచి ప్రపంచ రాజకీయాలంటే ప్రాణమట. తర్వాత అమెరికా మాజీ విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్. ఆ తర్వాత, నాది వరంగల్ అని అప్లికేషన్‌లో చూసినట్టున్నారు, పీవీ నరసింహారావు నాకు స్ఫూర్తి అని ఒక పేరా. 1992లో ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు, లుక్ ఈస్ట్ పాలసీ. ఇవన్నీ నిజాలే, ఆయన ఊరు వంగర మాకు దూరమేం కాదు, ఆయనంటే మాకు గౌరవమే. కానీ ఈ జిల్లాలో పుట్టిన ఎవరి పేరు మీదైనా ఆ పేరా అతికించొచ్చు. ఉరుగ్వేకి కూడా నాలుగు లైన్లు దక్కాయి. మా మామ లేడు. 200 డాలర్లు లేవు. కొలంబో ప్రాసెస్ లేదు.

అప్పటికి నాకు డౌట్ వచ్చినా, ఇంగ్లీషు నా ఇంగ్లీషు కన్నా బాగుంది, వీళ్లు రోజూ చేసే పని ఇదే కదా అనుకున్నాను. అసలు సంగతి రెఫరెన్స్ (మన గురించి లెక్చరర్ రాసే సిఫారసు లేఖ) దగ్గర బయటపడింది. మాకు పొలిటికల్ సైన్స్ చెప్పిన సార్‌ని లెటర్ అడిగితే, "నీ ఎస్ఓపీ పంపమ్మా, దాన్ని బట్టి రాస్తా" అన్నారు. పంపాను. మర్నాడు ఫోన్.

"ఏమ్మా, ఇండ్ల నువ్వెక్కడున్నవ్?"

నాకు అర్థం కాలేదు.

"నేను లెటర్‌ల గల్ఫ్ ప్రాజెక్టు గురించి రాసిన. అమ్మాయి తిరిగి డేటా తెచ్చింది, పాస్‌పోర్టులు చూసింది, గవర్నమెంట్ సర్క్యులర్ చదివింది అని. నీ కాయితంల గల్ఫ్ ముచ్చటే లేదాయె. రెండూ పక్కపక్కన పెట్టి చదివినోడు ఏమనుకుంటడు? ఇద్దరు వేర్వేరు పిల్లలనుకుంటడు."

రెఫరెన్స్ లెటర్ మనకు చూపించరు, రెఫరీ నేరుగా అప్‌లోడ్ చేస్తారు. సార్ అడగకపోతే ఆ రెండు కాగితాలూ అట్లాగే పోయేవి. (ఇక్కడ ఇంకో తలనొప్పి కూడా ఉంది. విదేశీ యూనివర్సిటీలు చాలావరకు రెఫరీకి సంస్థ మెయిల్ ఐడీ అడుగుతాయి. మన డిగ్రీ కాలేజీ లెక్చరర్లకు ఎక్కువగా జీమెయిలే. లెటర్‌హెడ్ మీద, ముద్ర వేసి, వివరణ ఇచ్చి పంపాల్సి వచ్చింది. ముందే కనుక్కోండి.)

కన్సల్టెన్సీకి పోయి కౌన్సిలర్ మేడంని అడిగాను. ఆమె చాలా నెమ్మదిగా, నా మంచి కోరినట్టే చెప్పింది: "గల్ఫ్ అంటే లేబర్ టాపిక్ అండీ, ఐఆర్ కాదు. ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అట్లా చూపిస్తే నెగటివ్ ఇంప్రెషన్ పడుతుంది." నాకు మంట పుట్టింది ఇంగ్లీషు మార్చినందుకు కాదు, ఈ మాటకు. ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌కి ఎవరూ పోని ఊరు చూపించండి చూద్దాం. మాకు విదేశాంగ విధానం అంటే ముందుగా కనిపించేది పాస్‌పోర్ట్ మీద ఆ ఈసీఆర్ ముద్రే.

పాత డ్రాఫ్ట్ బయటికి తీసి, కిసింజర్‌నీ ఉరుగ్వేనీ పంపించేసి, మామను ఒక్క పేరాకి కుదించి, మిగతాదంతా ప్రశ్నకే ఇచ్చాను. సార్ రెండుసార్లు ఎర్ర పెన్నుతో దిద్దారు. "ఏడిపించకు, వాదించు" అన్నారు. వాళ్ల ఫైలులోంచి నేను ఉంచుకున్నది కోర్సు మాడ్యూళ్ల పేరా ఒక్కటే. అది నిజంగా బాగా రాశారు.

లండన్‌లో ఒక చోట ఆఫర్ వచ్చింది, ఇంకో రెండు చోట్ల రాలేదు. ఎస్ఓపీ వల్లే వచ్చిందని చెప్పలేను. నా మార్కులు కూడా బాగున్నాయి, రెండో రెఫరెన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌ది. డబ్బు సంగతి ఇంకా తేలలేదు. విదేశాల్లో చదివే బీసీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా వస్తుంది, దానికి పెట్టుకున్నాను.

ఇంట్లోనో కాలేజీలోనో ఇంగ్లీషులో చదివి, సూటిగా మాట్లాడేవాళ్లు ఒక్కరున్నా ప్రీమియం అక్కర్లేదు, కాగితాల ప్యాకేజీ చాలు. ఎవరూ లేకపోతే తీసుకోవచ్చేమో, కానీ మార్పులు గీతలతో చూపించకుండా ఇచ్చిన ఫైలు తీసుకోకండి. కంప్యూటర్స్ ఎమ్మెస్‌కి అమెరికా పోయేవాళ్లకు వీళ్ల పద్ధతి సరిపోతుందని మా క్లాస్‌మేట్ అంటుంది, అది నాకు అనుభవం లేదు. ఆ డెడ్‌లైన్ షీట్‌ని ఇంతకుముందు చాలా పొగిడాను కదా, చివరి ఇన్‌స్టాల్‌మెంట్ కట్టాక దాన్ని అప్‌డేట్ చేయడం ఆపేశారు. రెండు తేదీలు నేనే వెబ్‌సైట్లలో చూసి దిద్దుకున్నాను.

ఎడిటింగ్ వరకు డబ్బులు తిరిగి ఇమ్మని మెయిల్ పెట్టాను. డబ్బు ఇవ్వరట, క్రెడిట్ ఇస్తారట. ఇంట్లో ఎవరికైనా, మా తమ్ముడి ఎస్ఓపీకి వాడుకోవచ్చన్నారు. వాడు తొమ్మిదో తరగతి.