వయొలిన్ కేసు మీద ‘సస్పెన్షన్’ అని చూసి కొనేయకండి

ఆన్‌లైన్‌లో రెండువేల లోపు అమ్మే థర్మాకోల్ కేసుల్లో కొన్నిటికి ‘సస్పెన్షన్’ (అంటే వయొలిన్ వీపు కేసు అడుగుకు తగలకుండా ఎత్తి ఉంచే ఏర్పాటు) అని గొప్పగా రాసి పెడుతున్నారు. విప్పితే అడుగున వెల్వెట్ అంటించిన చదును ఫోమ్ తప్ప ఏమీ ఉండదు. వయొలిన్ వీపు సూటిగా దాని మీదే ఆనుకుంటుంది.

వెనక పలక నడిమధ్య ఉబ్బుగా ఉంటుంది కదా, ఆ ఉబ్బు ప్రాంతంలోనే, బ్రిడ్జి (తీగలను మోసే చిన్న చెక్క) కుడి కాలికి కాస్త కిందగా, లోపల సౌండ్‌పోస్ట్ నిలబడి ఉంటుంది. దానికి జిగురుండదు, రెండు పలకల మధ్య బిగువుగా ఇరికించిన పుల్ల అది. బస్సు దిగేటప్పుడు కేసు జారి మెట్టు మీద పడిందంటే, ఆ దెబ్బ వీపు నుంచి పుల్ల మీదుగా పైపలకకు ఎక్కుతుంది. అదృష్టం బాగుంటే పుల్ల ఊడి లోపల గలగలమంటుంది. అప్పుడు తీగలన్నీ వదులు చేసి రిపేరు మనిషికి చూపించాలి. బాగోలేదా, పలక చీలుతుంది. ఆ చోట చీలితే ఒట్టి జిగురు ఆగదు, లోపల కొత్త చెక్క పొదగాలి. నేర్చుకునేవాళ్ల వయొలిన్‌కైతే ఆ ఖర్చుతో ఇంకోటి కొనొచ్చు.

అసలైన సస్పెన్షన్‌లో రెండు కొసల్లోనే దిండ్లుంటాయి, నడుము కింద ఖాళీ. దీన్ని తేల్చడానికి రెండు వేళ్ల వెడల్పు న్యూస్‌పేపర్ పట్టీ చాలు. కేసు అడుగున అడ్డంగా పరిచి, పైన వయొలిన్ పెట్టి, మెల్లగా లాగండి. జారి వచ్చేస్తే ఖాళీ ఉన్నట్టు. పట్టుకుంటే వెనక్కి పంపించేయండి.

అదే పట్టీ బ్రిడ్జి మీద వేసి మూత మూసి మళ్లీ లాగండి. ఇక్కడా ఇరుక్కోకూడదు. మన కర్ణాటక సంగీతం వాళ్లు చాలామంది నాలుగు తీగలకూ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని సన్నగా సరిచేసే చిన్న మరలు) పెట్టుకుంటారు. మూత వాటిని నొక్కితే అడుగు లీవర్ పైపలక వార్నిష్‌ను గీరేస్తుంది. ఫొటోలో ఈ సంగతి ఎవరికీ కనపడదు.

కొలతల్లో అందరూ బోల్తా పడేది కమాను దగ్గర. ఫుల్‌సైజు వయొలిన్ దాదాపు 60 సెంటీమీటర్లే, కమాను మాత్రం 74-75. వయొలిన్ ఒక్కటే కొలిచి బ్యాగు తెప్పిస్తే కమాను పట్టదు. పిల్లల ముప్పావు సైజును ‘ఎలాగూ పెరుగుతారుగా’ అని ఫుల్‌సైజు కేసులో వేస్తే అటూ ఇటూ దొర్లుతుంది. మెడను కట్టే వెల్క్రో పట్టీ లేని కేసు అసలొద్దు.

పిడి బోల్టులకు లోపల వాషరు లేకపోతే థర్మాకోల్‌ను చీల్చుకుని బయటికొస్తాయి. పిడి పట్టుకుని ఓసారి గట్టిగా ఊపితే తెలిసిపోతుంది, అయితే వయొలిన్ లోపల పెట్టకుండా.

ఎంత ఖరీదైన కేసైనా మే నెలలో ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. జిగురు మెత్తబడి అతుకులు విడతాయి, దానికి ఏ ఫోమూ అడ్డుపడదు.

ఇప్పటికే కొనేసి, వెనక్కిచ్చే గడువు దాటినవాళ్లు: మెడ మొదట్లో ఒకటి, టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే ముక్క) కొస కింద ఒకటి, రెండు మడతపెట్టిన చేతిరుమాళ్లు వేయండి. వీపు పైకి లేస్తుంది. బ్రిడ్జి కూడా లేస్తుంది కాబట్టి మూత పట్టీ పరీక్ష మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే.