తకయాసు అనుమానం వస్తే ఏ స్కాన్ మేలు: డాప్లరా, సీటీనా, ఎంఆర్‌ఐనా, పెట్టా?

ఇరవై అయిదేళ్ల అమ్మాయి. ఎడమ చేతికి పట్టీ కడితే బీపీ 86/60. లో బీపీ అంటారు, ఉప్పేసిన మజ్జిగ తాగమంటారు, పంపేస్తారు. అదే అమ్మాయికి కుడి చేతికి చూస్తే 170/100 ఉండొచ్చు. ఎడమ చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమని సన్నబడి, ఒత్తిడి అక్కడిదాకా చేరకపోవడంతో మిషన్ తక్కువ చూపిస్తుంది. మెదడు, గుండె, కిడ్నీలు మోస్తున్నది మాత్రం ఆ 170నే. పెద్ద ధమనుల గోడలు వాచే తకయాసు ఆర్టిరైటిస్ ఏళ్ల తరబడి దొరకకుండా తప్పించుకునేది ఎక్కువగా ఇలాగే.

1908లో జపాన్ కంటి డాక్టర్ మికితో తకయాసు దీన్ని రెటీనా రక్తనాళాల్లో వచ్చిన మార్పుగా చెప్పారు. జబ్బు అసలు ఉండేది గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే బృహద్ధమనిలో, దాని పెద్ద కొమ్మల్లో. గోడ వాచి, మందమెక్కి, లోపలి దారి మూసుకుపోతుంది. కొన్నిచోట్ల గోడ బలహీనపడి ఉబ్బుతుంది కూడా. ఎక్కువగా నలభై లోపు ఆడవాళ్లకు వస్తుంది. మన దేశంలో పొట్టలోని బృహద్ధమని, కిడ్నీ ధమనులు దెబ్బతినడం ఎక్కువ కనుక చిన్న వయసులో బీపీ రూపంలోనే ముందు బయటపడుతుంది.

కణత దగ్గరి టెంపొరల్ ధమనిలా ఇక్కడ ముక్క తీసి బయాప్సీకి పంపే వీలు లేదు. బృహద్ధమని ముక్క దొరికేది ఆపరేషన్‌లోనే. ఒంట్లో వాపును చెప్పే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ నార్మల్‌గా ఉన్నా లోపల జబ్బు నడుస్తూనే ఉండొచ్చు. అందుకే నిర్ధారణ మొత్తం స్కాన్ మీదే నిలబడుతుంది.

ఏ స్కాన్‌కైనా ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. అయిదు నిమిషాలు పడుకోబెట్టి రెండు చేతులకూ, తర్వాత రెండు కాళ్లకూ బీపీ చూడాలి. కాలికి తొడకు సరిపడే పెద్ద పట్టీ కావాలి, చేతి పట్టీ చుడితే లెక్క తప్పుతుంది. మామూలుగా కాలి బీపీ చేతికంటే 10–20 ఎక్కువుంటుంది. తక్కువుంటే పొట్టలోని బృహద్ధమనిని అనుమానించాలి. చేతుల మధ్య 10 దాటిన తేడాను ఈ జబ్బును గుర్తించే 1990 అమెరికన్ ప్రమాణాలు లెక్కలోకి తీసుకున్నాయి, 2022 ప్రమాణాలు దాన్ని 20కి పెంచాయి. తర్వాత కాలర్ ఎముక పైన, బొడ్డుకు పైన స్టెత్ పెట్టి వినాలి. బుస్సుమనే శబ్దం వస్తే అక్కడ దారి సన్నబడి ఉండొచ్చు.

డాప్లర్ అంటే రక్తం పారే తీరు చూపే అల్ట్రాసౌండ్. చవక, రేడియేషన్ లేదు, విశాఖలో మహారాణిపేట, రామ్‌నగర్ సెంటర్లలో అదే రోజు అయిపోతుంది. మెడలోని కరోటిడ్ ధమనికి దీన్ని మించింది లేదు. గోడ చుట్టూ ఒకే మందాన వాచి, అడ్డంగా కోసిన మాకరోనీ గొట్టంలా కనిపిస్తే అది దాదాపు తకయాసు సంతకమే. కొవ్వు పేరుకుంటే ఒక పక్కే ఎగుడుదిగుడుగా ఉంటుంది. చిక్కెక్కడంటే, ఛాతీలోని బృహద్ధమని ఎముకల వెనక, ఊపిరితిత్తుల గాలి వెనక ఉంటుంది. డాప్లర్‌కు అది కనిపించదు. కిడ్నీ ధమనులకు పేగుల్లోని గ్యాస్ అడ్డం, అందుకే పరగడుపున రమ్మంటారు. ‘డాప్లర్ నార్మల్, కనుక తకయాసు కాదు’ అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు.

అసలు పోటీ సీటీ యాంజియోకీ, ఎంఆర్ యాంజియోకీ మధ్య. యూరప్ రుమటాలజీ సంఘం సిఫార్సుల్లో తకయాసుకు మొదటి స్కాన్ ఎంఆర్‌ఐ. కారణం తెలిసిందే: జబ్బు చిన్న వయసులో వస్తుంది, జీవితాంతం స్కాన్లు తీయాలి, ప్రతిసారీ రేడియేషన్ ఎందుకు? పైగా గోడలో నీరు చేరిన వాపు ఎంఆర్‌ఐకి కనిపిస్తుంది. కానీ చీటీలో ‘ఎంఆర్ యాంజియో’ అని మాత్రమే రాస్తే చాలా సెంటర్లలో లోపలి దారి బొమ్మ తీసి పంపేస్తారు. గోడ చూడాలంటే బ్లాక్ బ్లడ్ సీక్వెన్సులు, కాంట్రాస్ట్ (రక్తనాళాలు వెలిగేలా ఎక్కించే మందు) తర్వాత వెసెల్ వాల్ (నాళం గోడ) బొమ్మలు అని విడిగా రాయించాలి. ఈ ఒక్క లైను లేకపోతే సగం డబ్బు వృథా. ముప్పావు గంట నుంచి గంట దాకా గొట్టంలో కదలకుండా పడుకోవాలి, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి. ఊపిరి వదిలేస్తే కిడ్నీ ధమనుల బొమ్మ మసకబారుతుంది. సన్నబడ్డచోట రక్తం సుడి తిరిగి, ఎంఆర్ దాన్ని ఉన్నదానికంటే ఎక్కువ సన్నగా చూపిస్తుంది. స్టెంట్ ఉంటే దాని లోపల సరిగ్గా కనబడదు, అలాంటివాళ్లకు సీటీయే దిక్కు.

సీటీ కొన్ని సెకన్లలో అయిపోతుంది, కొలతలు కచ్చితం, సున్నం పేరుకున్నదీ కనబడుతుంది. ఛాతీ నొప్పి, పక్షవాతం, ఉబ్బిన ధమని పగులుతుందన్న భయం ఉంటే ఎంఆర్‌ఐ అపాయింట్‌మెంట్ కోసం ఆగడం తెలివితక్కువ. ఇక్కడ పొరపాటు సూది దగ్గర జరుగుతుంది. 60–100 మిల్లీలీటర్ల అయోడిన్ కాంట్రాస్ట్ సెకనుకు 4–5 మిల్లీలీటర్ల చొప్పున తోయాలి. దానికి గ్రీన్ రంగు 18 గేజ్ గానీ, పింక్ 20 గేజ్ గానీ కాన్యులా కావాలి. వార్డులో పెట్టిన బ్లూ 22 గేజ్‌తో నెట్టుకొస్తే ధమనులు సరిగ్గా వెలగవు. ఎడమ చేతికి ఎక్కిస్తే చిక్కటి కాంట్రాస్ట్ సిరలో నిలిచి, పక్కనే ఉన్న ఎడమ సబ్‌క్లేవియన్ మీద చారలు పడతాయి. ఈ జబ్బు తరచూ పట్టే ధమనుల్లో అదొకటి! అందుకే మామూలుగా కుడి చేయి అడగాలి. మెడ నుంచి గజ్జల దాకా, ఒక నిమిషం ఆగి రెండో ఫేజ్ (రెండో విడత బొమ్మలు) కూడా తీయమనాలి. గోడ రెండు వలయాలుగా కనిపించేది అప్పుడే. ‘కరోటిడ్ యాంజియో’ ఒక్కటే తీయిస్తే పొట్ట మొత్తం వదిలేసినట్టు. 2022 ప్రమాణాల్లో పొట్ట బృహద్ధమనితోపాటు కిడ్నీ లేదా పేగు ధమని దెబ్బతింటే 3 పాయింట్లు, తకయాసుగా లెక్కించడానికి మొత్తం కావాల్సింది 5.

ఏ కాంట్రాస్ట్ అయినా ముందు క్రియాటినిన్ చూడాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్ల విషయంలో ఇది ఎంతమాత్రం మొక్కుబడి కాదు. కిడ్నీ వడపోత ఎంతో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 30 లోపుంటే సీటీ కాంట్రాస్ట్‌కూ జాగ్రత్త కావాలి, ఎంఆర్‌ఐకి వాడే పాతరకం గాడోలినియం కాంట్రాస్ట్ చర్మాన్నీ అవయవాలనూ బిగదీసే జబ్బు తెచ్చే ప్రమాదముంది. గర్భిణులకు గాడోలినియం లేకుండానే ఎంఆర్‌ఐ తీస్తారు. ఈ ఊరి ఉక్కపోతలో ఒళ్లంతా నీరు చెమటగా పోయాక సీటీకి వెళ్లడం కిడ్నీకి మంచిది కాదు, డాక్టరు వద్దనకపోతే నీళ్లు బాగా తాగి వెళ్లాలి.

పెట్ స్కాన్ (రేడియోధార్మిక గ్లూకోజ్ ఎక్కించి, వాపున్నచోటు వెలిగేలా చేసేది) గొప్పదే, కానీ అందరికీ కాదు. వారాల తరబడి జ్వరం, బరువు తగ్గడం, ఈఎస్‌ఆర్ 100, నాడులన్నీ బాగానే ఉన్నాయి: అలాంటప్పుడు ధమని సన్నబడకముందే గోడలో మంటను చూపించేది ఇదే. ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తప్ప తాగకూడదు. రైలు దిగి పంచదార వేసిన టీ తాగినా, ఎవరో గ్లూకోజ్ సెలైన్ పెట్టినా స్కాన్ చెడినట్టే. ముందురోజు శారీరక శ్రమ వద్దు. స్టెరాయిడ్ మొదలుపెట్టి మూడు రోజులు దాటితే వెలుగు తగ్గిపోయి, జబ్బున్నా లేనట్టు కనిపించొచ్చు. అలాగని కంటిచూపు పోతున్నా, పక్షవాతం లక్షణాలున్నా స్కాన్ కోసం మందు ఆపకూడదు. టీబీ గడ్డలు కూడా పెట్‌లో వెలుగుతాయని గుర్తుంచుకోవాలి.

పాత కాథెటర్ యాంజియోగ్రామ్ నిర్ధారణకు ఇప్పుడు అక్కర్లేదు. నాలుగు కాళ్లూచేతుల్లోనూ నాడి అందనివాళ్లకు బృహద్ధమనిలో అసలు ఒత్తిడి కొలవాలన్నా, సన్నబడ్డచోట బెలూన్ వేసి వెడల్పు చేయాలన్నా మాత్రం అదే. అదీ జబ్బు చల్లబడ్డాకే. వాపు ఉండగా వేసిన బెలూన్ చోటు మళ్లీ మూసుకుపోవడం ఎక్కువ.

మా లెక్క ప్రకారం వరస ఇదీ. అనుమానం రాగానే నాలుగు అవయవాల బీపీ, అదే రోజు కరోటిడ్, సబ్‌క్లేవియన్ డాప్లర్. నిర్ధారణకు గోడ బొమ్మలతో ఎంఆర్ యాంజియో. అది తొందరగా దొరక్కపోయినా, స్టెంట్ ఉన్నా, ప్రాణం మీదకొచ్చినా సీటీ. పెట్ జ్వరం కేసులకే. అందరికీ గుండె ఎకో ఒకటి, ఎందుకంటే బృహద్ధమని వాల్వు లీకవడం ఈ జబ్బులో ప్రాణం తీసే చిక్కుల్లో ఒకటి. బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి మొదలుపెట్టేముందు రెండు కిడ్నీ ధమనుల బొమ్మా చూడాలి. రెండూ సన్నబడి ఉంటే ఆ మందులతో క్రియాటినిన్ ఒక్కసారిగా పైకి లేవొచ్చు.

మొదటిసారి ఏది తీశారో ఫాలోఅప్‌కూ అదే తీయించాలి. నిరుడు సీటీ, ఈ ఏడు ఎంఆర్ పక్కపక్కన పెడితే ‘జబ్బు పెరిగింది’ అన్న మాటలో కొంత మిషన్ తేడానే ఉండొచ్చు. ఫిల్ములతో సరిపెట్టుకోక సీడీ అడిగి తీసుకోండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో చూపించుకున్నా, ఆరిలోవ వైపు ప్రైవేటులో చూపించుకున్నా పాత బొమ్మతో పోల్చేది దాని మీదే. ఫైలు మొదటి పేజీ మీద ‘బీపీ ఫలానా చేతికే చూడాలి’ అని, ఏ చేయి ఎక్కువ చూపిస్తే ఆ చేయి పేరుతో, ఎర్ర సిరాతో రాయించుకోండి.