డోరు అంచున ఉన్న అంకె: ఎఫ్-350 డ్యూయలీతో నాలుగేళ్లు

మేముండేది టెక్సస్‌లో హ్యూస్టన్ పక్కన ఉన్న కేటీలో. 2022 మార్చిలో కొన్న మా ఫోర్డ్ ఎఫ్-350 డ్యూయలీ ట్రక్కు ఇప్పటికి 52,000 మైళ్లు తిరిగింది. అందులో దాదాపు 18,000 మైళ్లు వెనక ట్రైలరును లాగుతూ తిరిగినవే. ఆ ట్రైలరు పడకలు, వంటగది, స్నానాల గది ఉన్న చక్రాల ఇల్లు; దాని గరిష్ఠ బరువు 14,000 పౌండ్లు, అంటే సుమారు 6,350 కిలోలు. బండి పనితీరు గురించి నాకు సంతృప్తే తప్ప ఫిర్యాదు లేదు. అయితే కొనడం, రిజిస్టరు చేయించడం, లైసెన్సు, బీమా అనే నాలుగు పనులనూ శాసించేది డ్రైవరు డోరు తెరిస్తే అంచున కనిపించే, బరువుల అంకెలున్న చిన్న స్టిక్కరేనని ముందే తెలిసి ఉంటే, నేను రెండు ట్రక్కులు కొనేవాణ్ని కాదు.

మొదటి ట్రక్కు 2020లో కొన్నాను. అది ఎఫ్-350 లాంటి ‘టన్ను ట్రక్కు’కు ఒక మెట్టు కింది తరగతి డీజిల్ బండి. ప్రకటనలో లాగుడు సామర్థ్యం మేము తీసుకోబోయే ట్రైలరు బరువు కంటే బాగా ఎక్కువగానే ఉంది. అమ్మిన డీలరు కూడా ఆ అంకెనే చూపించి, దేనికీ వెనుకాడనక్కర్లేదని చెప్పాడు. పేలోడ్, అంటే బండి తన మీద మోయగల బరువు, ఎంతని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాతి ఏడాది ఫిఫ్త్ వీల్ ట్రైలరు కొన్నాం. ఇది ట్రక్కు బంపరు కింద ఉండే బంతి కొక్కేనికి తగిలించేది కాదు. ట్రక్కు వెనక తొట్టి నడుమ, దాదాపు ఇరుసు మీదుగా బిగించిన హిచ్‌పై దీని ముందు భాగం కూర్చుంటుంది. అందుకే మలుపుల్లో, గాలిలో నిలకడగా నడుస్తుంది. అందుకే దీని బరువులో దాదాపు అయిదో వంతు ట్రక్కు వీపు మీదే పడుతుంది.

ఆ వేసవిలో మా అమ్మానాన్నలు వచ్చారు. నాన్న తాడేపల్లిగూడెంలో ఇరవై ఏళ్లు బియ్యం లారీ తిప్పిన మనిషి. ట్రైలరు తగిలించిన ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాల దగ్గర ఆగి, వంగి స్ప్రింగు పట్టీలను చూసి, "దీని పాసింగ్ ఎంతరా?" అని అడిగారు. లాగుడు సామర్థ్యం చెప్పబోతే, "అది కాదు, బండి మీద ఎంత మోయొచ్చు? కాటా వేయించావా?" అన్నారు. ఇక్కడ పెద్ద ట్రక్కులు ఆగే పెట్రోలు బంకుల దగ్గర క్యాట్ స్కేల్ అనే కాటాలు ఉంటాయి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలరు ఇరుసులు వేరువేరు పలకల మీద నిలిచేలా బండిని ఆపితే మూడు బరువులూ విడివిడిగా ఉన్న చీటీ ఇస్తారు. మరునాడు అయిదుగురమూ ఎక్కి, నీళ్లూ సామానూ నింపుకొని, ఊరు బయట ఉన్న అలాంటి కాటా మీదికి వెళ్లాం.

చీటీలో ట్రక్కు రెండు ఇరుసుల మీద పడిన బరువు మొత్తం 11,560 పౌండ్లు. డోరు స్టిక్కరు ప్రకారం సొంత బరువుతో కలిపి ఆ బండికి ఉండదగిన గరిష్ఠ బరువు 10,000. అంటే సుమారు 700 కిలోల అదనపు బరువు వేసుకుని, అమ్మానాన్నలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ప్రయాణానికి సిద్ధమయ్యాను. లెక్క చూస్తే కష్టమైనదేమీ కాదు. స్టిక్కరు మీద మనుషులూ సామానూ కలిపి 2,150 పౌండ్లు మించరాదని ఉంది. ట్రైలరు ముందు భాగం నుంచి హిచ్‌ మీద పడే పిన్ వెయిట్ ఒక్కటే 2,750. దానికి హిచ్ బరువు 160, అయిదుగురు మనుషులు 700, పనిముట్లు 100 కలిపితే 3,710 అవుతుంది. ఇంజను ఈ బరువును లాగగలదు, అందులో సందేహం లేదు. కానీ స్ప్రింగులు, వెనక ఇరుసు, టైర్లు, బ్రేకులు దానికి తగినవి కావు. ప్రకటనల్లో కనిపించే అంకె లాగుడుది. ఫిఫ్త్ వీల్ కొనేవారికి ముందుగా అడ్డు తగిలేది మోత. ఇది ఎవరైనా నాకు ఒక్క వాక్యంలో చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ యాత్ర రద్దు చేసుకున్నాం.

డ్యూయలీ అంటే వెనక ఇరుసుకు ఒక్కో పక్క జంట చక్రాలు, మొత్తం ఆరు టైర్లు ఉన్న ట్రక్కు. మా బండిలో 6.7 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజను, 475 హార్స్‌పవర్, 1,050 పౌండ్-అడుగుల టార్కు, 10 గేర్ల ఆటోమేటిక్ ఉన్నాయి. నేను ముందు చూసుకున్నది మాత్రం డోరు అంచునే: గరిష్ఠ బరువు 14,000, పేలోడ్ 5,460. అదే ట్రైలరుతో, అంతే బరువుతో కాటా వేయిస్తే ఇంకా 1,750 పౌండ్ల ఖాళీ మిగిలింది. ఒకే మోడల్‌లో కూడా సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, పెద్ద క్యాబిన్ వంటివి పెరిగే కొద్దీ పేలోడ్ తగ్గుతుంది కాబట్టి, బ్రోషరు అంకెను కాక మీరు కొనబోయే ఆ ఒక్క బండి స్టిక్కరునే చూడండి.

ఈ ట్రక్కు విలువ నాకు పూర్తిగా తెలిసింది కొలరాడోలోని వుల్ఫ్ క్రీక్ పాస్ మీద. 160వ నంబరు రహదారిలో 10,857 అడుగుల ఎత్తున ఉన్న ఈ కనుమ నుంచి పగోసా స్ప్రింగ్స్ వైపు దిగే దారి 6.8 శాతం వాలు. బ్రేకులు పోయిన లారీలు పక్కకు ఎక్కి ఆగడానికి అక్కడ ప్రత్యేకమైన ర్యాంపులు కూడా కట్టారు. టో-హాల్ మోడ్ (బరువు లాగేటప్పటి గేర్ల అమరిక), ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని బిగించి ఇంజను చేతే వేగం తగ్గించేది) వేసి ముప్ఫై అయిదు మైళ్ల వేగంతో దిగడం మొదలుపెడితే, ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచింది. దిగువకు చేరేదాకా బ్రేకు మీద కాలు వేసింది నాలుగైదు సార్లే. ఎక్కడానికి ఏ డీజిల్ అయినా ఎక్కుతుంది. వెనక అంత బరువుతో దిగేటప్పుడు కంగారు లేకుండా ఉండటం కోసమే ఈ ఖర్చు పెట్టవచ్చని నా అభిప్రాయం.

రిజిస్ట్రేషన్ పెద్ద ఇబ్బంది కాలేదు. పాత ట్రక్కును అదే డీలరుకు అప్పగించి కొన్నందువల్ల, టెక్సస్ విధించే 6.25 శాతం అమ్మకపు పన్ను రెండు ధరల తేడా మీదే పడింది. ఏటా కట్టే మూల రుసుము, ఖాళీ బండి బరువుకు మోయగల బరువు కలిపిన మొత్తాన్ని బట్టి ఉంటుంది: 6,001 నుంచి 10,000 పౌండ్ల వరకు 54 డాలర్లు, 10,001 నుంచి 18,000 వరకు 110 డాలర్లు. ట్రైలరుకు టైటిల్ (యాజమాన్య పత్రం), నంబరు పలక వేరు. 2025 నుంచి సొంత వాహనాలకు భద్రతా తనిఖీ తీసేసి దాని బదులు ఏటా 7.50 డాలర్లు వసూలు చేస్తున్నారు. అమ్మకపు పన్ను లేని మోంటానాలో కంపెనీ పెట్టి దాని పేరున బండి రిజిస్టరు చేయించుకోమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. టెక్సస్‌లో ఇల్లు, ఉద్యోగం పెట్టుకుని అలా చేయడం పన్ను ఎగవేత కిందికే వస్తుంది. బండి నిజంగా ఏ ఊళ్లో ఉంటుందో దాచినట్లు తేలితే బీమా క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది. నేను ఆ జోలికి పోలేదు.

లైసెన్సు సంగతి మాత్రం డీలరు దగ్గర గాని, ట్రైలరు అమ్మినవారి దగ్గర గాని ఒక్కసారి కూడా ప్రస్తావనకు రాలేదు. టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ల గరిష్ఠ బరువులు కలిపి 26,001 పౌండ్లు లేదా అంతకు మించి ఉండి, అందులో ట్రైలరు 10,000 దాటితే మామూలు క్లాస్ సి లైసెన్సు చాలదు. సొంత వాడకం కాబట్టి వాణిజ్య లైసెన్సు అక్కర్లేదు కానీ, వాణిజ్యేతర క్లాస్ ఏ తీసుకోవాలి. పాత ట్రక్కుతో మాది 24,000. కొత్త దానితో 28,000. అంటే భద్రమైన బండికి మారగానే నా లైసెన్సు చాలనిదైపోయింది. వేరే రాత పరీక్ష రాసి, క్లాస్ ఏ ఉన్న మిత్రుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, మా ట్రైలరు తగిలించుకునే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాను. రెండు నెలలు పట్టింది. మా ఆవిడ కూడా తర్వాత తీసుకుంది; దూర ప్రయాణంలో ఒక్కరికే ఆ అర్హత ఉండటం మంచిది కాదు.

బీమా దగ్గర ట్రక్కు గరిష్ఠ బరువు, అదే 14,000, మళ్లీ ఎదురైంది. పదేళ్లుగా మా కార్లకు బీమా ఇస్తున్న సంస్థ, ఆ బరువున్న ఆరు టైర్ల బండి వాణిజ్య వాహనమేనని పట్టుబట్టింది. సొంత వాడకానికేనని, ఏ వ్యాపారానికీ వాడబోమని లిఖితంగా ఇచ్చాక మరో సంస్థ వ్యక్తిగత పాలసీ ఇచ్చింది. టెక్సస్ కనీసంగా కోరేది గాయాలకు మనిషికి 30,000, ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. పది టన్నులకు పైగా బరువు ఒక కారును గుద్దితే ఆ మొత్తాలు ఏ మూలకు వస్తాయి? మేము 250,000, 500,000, 100,000 తీసుకుని, దానిపైన, ఆ పరిమితులు దాటాక ఆదుకునే పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ చేర్చుకున్నాం.

ట్రైలరు ఎదుటివారికి చేసే నష్టం సాధారణంగా ట్రక్కు పాలసీ కిందికి వస్తుంది. ట్రైలరుకు జరిగే నష్టం మాత్రం రాదు. దానికి వేరే పాలసీ కావాలి. ఇది మాకు ఉంది, కానీ అందులోని ఒక మాటను నేను సరిగా చదవలేదు. 2023 జూన్‌లో 10వ నంబరు అంతర్రాష్ట్ర రహదారిపై ఓజోనా దాటాక ట్రైలరు టైరు పేలి, ఆ రబ్బరు పట్టీ చక్రం పై కప్పును, నేల కింది నీటి గొట్టాలను చీల్చేసింది. ట్రక్కుకున్న రోడ్డు సహాయం పథకం ట్రైలరుకు వర్తించదన్నారు. ఎండలో నాలుగు గంటలు ఆగాం. క్లెయిములో టైరుకు పైసా రాలేదు, అది అరుగుదల కిందికి వస్తుందన్నారు. మిగతా నష్టానికి కూడా వాడకానికి తరుగుదల తీసేసి, మరమ్మతు ఖర్చులో మూడింట రెండు వంతులే ఇచ్చారు. ఆ తర్వాతి రెన్యువల్‌లో తరుగుదల లేకుండా చెల్లించే పాలసీకి, ట్రక్కునూ ట్రైలరునూ కలిపి చూసే రోడ్డు సహాయానికి మారాం. ఏడాదికి 340 డాలర్లు ఎక్కువ. ట్రైలరు చక్రాలకు టైరు గాలి, వేడి చూపించే సెన్సర్లు కూడా పెట్టించాను.

రోజువారీ వాడకంలో ఎనిమిది అడుగుల వెడల్పు ఒక భారమే. ఆటోమేటిక్ కార్ వాష్‌లోకి పట్టదు, దుకాణాల ముందు దూరంగా ఆపాలి, ఖాళీగా నడిపితే కుదుపు ఉంటుంది. ట్రైలరుతో గాలనుకు పది మైళ్లు, లేకుండా పదహారు వస్తాయి. ఇవి ఆ తరగతి బండ్లన్నిటి స్వభావం. ఏడాదిలో నాలుగు యాత్రలైనా చేయనివారికి ఇది తగదు.

ఈ ఏప్రిల్‌లో ఆరు టైర్లూ మార్పించాలి. మే నెలలో నాన్నగారు మళ్లీ వస్తున్నారు, ఈసారి పాలో డ్యూరో కాన్యన్‌కు తీసుకెళ్తాను. బయలుదేరే ముందు మళ్లీ కాటా వేయించి, ఆ చీటీని పాత 11,560 చీటీ పక్కనే గ్లవ్ బాక్సులో పెడతాను.