కలివి కోడి కూత: టార్చా, స్పీకరా, ఊరికే కూర్చోవడమా?

కడప జిల్లా లంకమల అడవుల్లో కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్ అనే, రాత్రిపూట తిరిగే చాలా అరుదైన పక్షి) కోసం వెళ్లేవాళ్లు మూడు పద్ధతులు పాటిస్తారు: రాత్రి టార్చి వేసి తిరగడం, ఫోన్‌లో దాని కూత వినిపించడం, ఒకచోట కూర్చుని వినడం. మూడింటికీ అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

టార్చి సంగతి ముందే తేల్చేద్దాం. ఇది నేల మీద తిరిగే పక్షి, వెలుగు కళ్లలో పడితే బిత్తరపోయి నిలబడిపోతుంది. 1900 తర్వాత జాడ తెలియకుండా పోయిన కలివి కోడి 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర టార్చి వెలుగులోనే చేతికి చిక్కింది. ఆ పక్షి బతకలేదు.

కూత వినిపించడం సర్వే బృందాలకు పనికొచ్చింది. ముళ్లపొదల్లో పక్షి ఉందో లేదో తేల్చుకోవడానికి వాళ్లు లెక్క ప్రకారం, కొద్దిసేపే వినిపిస్తారు. సరదాగా చూసి వద్దామని వెళ్లినవాళ్లు మాత్రం ఆ పని చేయకూడదు. కలివి కోడి కూసేదే కాసేపు: పొద్దుగుంకిన ముప్పావు గంటకు మొదలుపెట్టి, కొన్ని నిమిషాల్లో ఆపేస్తుంది. సరిగ్గా అప్పుడే మీ స్పీకర్ మోగితే, తన చోటికి ఇంకొకటి వచ్చిందనుకుని మేత మానేసి వెతుక్కుంటుంది, లేదా బెదిరి గమ్మునుంటుంది. ఇంకో ముప్పుంది. రెండు వందల మీటర్ల అవతల కూర్చున్న మరో బృందం మీ ఫోన్ కూతనే అసలు పక్షిగా రాసుకుంటుంది.

కాబట్టి మూడోదే మేలు, అనుమానమే లేదు. 2025లో చాలా ఏళ్ల తర్వాత ఈ పక్షి ఉందని తెలిసింది కూడా కూత రికార్డయినందువల్లే. వెలుతురుండగానే వెళ్లి బండిబాట మీదే కూర్చోండి; కలివి, రేగు పొదల్లోకి దిగొద్దు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రికార్డర్ ఆన్ చేసి, తేదీ, సమయం, చోటు పలికి, రాయి మీద పెట్టి నాలుగడుగులు దూరం జరగండి. చేతిలో పట్టుకుంటే బట్టల గరగర తప్ప ఏమీ పడదు. పొద్దుగుంకాక గంటన్నర దాకా ఆపొద్దు. 'క్విక్-కూ' అని రెండు ముక్కల పొట్టి కూత వరసగా వినిపిస్తే అదే కావచ్చు. తీతువు అరుపు ఇంతకంటే గట్టిగా, గోలగా ఉంటుంది.

కూత పడితే ఫైల్‌ను కత్తిరించకుండా, శుభ్రం చేయకుండా అటవీశాఖకు ఇవ్వండి. వాట్సాప్‌లో చెప్పుకోవాలనుకుంటే జిల్లా పేరు చాలు. లొకేషన్ పిన్ పెడితే మర్నాటి సాయంత్రానికే ఆ బాట మీద బండ్లు బారులు తీరతాయి.