పాత కారు జీపీఎస్ డబ్బా: ఏళ్ల తరబడి వాడాక

చేతిలో ఫోన్ ఉండగా అద్దానికి ఈ 5 అంగుళాల డబ్బా ఎందుకని అడిగేవాళ్లకు మన్ననూరు దాటితే జవాబు దొరుకుతుంది. శ్రీశైలం రోడ్డు అక్కడి నుంచి అమ్రాబాద్ అడవిలోకి పోతుంది. చాలాచోట్ల ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. డబ్బాకు టవర్‌తో పనిలేదు. మ్యాపు లోపలే ఉంది, నాలుగు శాటిలైట్లు చిక్కితే చాలు. ఫోన్‌లోనూ మ్యాపు ముందే దించుకోవచ్చు, నిజమే. మర్చిపోయేది మాత్రం సరిగ్గా అడవికి పోయే రోజే. అయితే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడ గేటు మూస్తారని డబ్బాకు తెలియదు. హైదరాబాద్‌లో సాయంత్రం 7కు బయలుదేరినా, అర్ధరాత్రికల్లా శ్రీశైలం చేరతారని ధీమాగా చూపిస్తుంది.

దీంట్లో అన్నిటికంటే నాసిరకం ఊరి పేరుతో వెతకడం. కల్వకుర్తిని వీ పెట్టి ఒకసారి, డబ్ల్యూ పెట్టి ఒకసారి కొట్టాలి. మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి జాబితాలోంచి ఎంచుకోవడం మేలు. మ్యాపు 2014కు ముందుదైతే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఇవ్వాలి. 2016 జిల్లాలు కూడా అందులో ఉండవు కాబట్టి వనపర్తిని మహబూబ్‌నగర్ కింద, సూర్యాపేటను నల్లగొండ కింద వెతకాలి. తండాల సంగతి ఇక అడగొద్దు.

అందుకే డబ్బాలో సొంత పాయింట్లు, అంటే మనకు కావాల్సిన చోట్ల గుర్తులు, ఎక్కించుకోవాలి. దీని అసలు విలువ అక్కడే ఉంది. ఫోన్ మ్యాపులో ఆ చోటును వేలితో నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి, ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. గార్మిన్ కంపెనీ డబ్బాలో పాయింట్లు ఎక్కించే కంప్యూటర్ ప్రోగ్రాం పీఓఐ లోడర్. దానికి ఇచ్చే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన) ఫైలులో వరుస తిరగబడుతుంది: ముందు రేఖాంశం, కామా, అక్షాంశం, కామా, పేరు. మహబూబ్‌నగర్‌కు 77.99, 16.74 అన్నమాట. తారుమారు చేస్తే పాయింటు ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ మంచులో పడుతుంది. నల్లగొండదీ అక్కడే పడుతుంది! దశాంశం తర్వాత రెండే అంకెలుంటే కిలోమీటరు దాకా తేడా రావచ్చు, ఐదు అంకెలుంటే మీటరు లోపే. చేత్తో కొట్టేటప్పుడు సెట్టింగుల్లో డిగ్రీలు-నిమిషాలు ఉందా, దశాంశ డిగ్రీలా అని చూడండి. 17.05ను 17 డిగ్రీల 05 నిమిషాలుగా కొడితే దాదాపు 3.7 కిలోమీటర్లు అవతల దింపుతుంది.

ఏ పాయింట్లు ఎక్కించాలి? గుడి, హోటల్ కాదు, సర్వీసు రోడ్డు మొదళ్లు, డివైడర్‌లో యూటర్న్ సందులు. బండి ఫ్లైఓవర్ పైన ఉందా కింద ఉందా డబ్బాకు అంతు చిక్కదు. జడ్చర్లలో 44వ నంబరు హైవే నుంచి మహబూబ్‌నగర్‌కు తిరగాలంటే ఫ్లైఓవర్ ఎక్కకముందే కిందికి దిగాలి, డబ్బా గొంతు మాత్రం పైకెక్కాక పలుకుతుంది. దిగే చోట పాయింటు పెట్టి, పీఓఐ లోడర్ మాన్యువల్ మోడ్‌లో 500 మీటర్ల హెచ్చరిక ఇవ్వండి. 80 వేగంలో 22 సెకన్లు చేతిలో ఉంటాయి.

దారి ఎంపిక 'తక్కువ సమయం' మీదే ఉంచాలి. 'తక్కువ దూరం' పెడితే చెరువు కట్టల మీదికి, బండ్ల బాటల్లోకి తోలుతుంది. 'టోల్ వద్దు' అన్నారో, పంతంగి టోల్‌గేటు తప్పించడానికి 65వ నంబరు హైవేనే వదిలేస్తుంది.

కంపెనీ మ్యాపు పాతబడితే, జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉచితం. జీమ్యాప్‌సప్ (gmapsupp.img) అనే మ్యాపు ఫైలును ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన మెమరీ కార్డులో గార్మిన్ అనే ఫోల్డర్‌లో పెట్టి, మ్యాపు సెట్టింగుల్లో పాతదాని టిక్కు తీసేయాలి. రెండూ ఆన్‌లో ఉంటే కొత్త రోడ్డు కనబడకపోవచ్చు. ఫైలు 4 జీబీ లోపే ఉండాలి, దక్షిణ భారతం వరకే దించుకుంటే సరిపోతుంది.

నెలల తరబడి వాడకుండా బయటికి తీస్తే, ఆరుబయట బండి ఆపి ఆన్ చేయండి. ఏ శాటిలైటు ఎక్కడుందో చెప్పే పూర్తి పట్టిక అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది, చెట్ల కింద నడుస్తూ ఉంటే మధ్యలో తెగిపోయి ఇంకా ఆలస్యమవుతుంది. అద్దానికి లోహపు పొరున్న సన్ ఫిల్మ్ ఉంటే కూడా ఇదే గోస.

ఎండాకాలం పార్కింగులో దీన్ని అద్దానికి వదలొద్దు. నల్లగొండ ఎండకు బ్యాటరీ ఉబ్బి స్క్రీన్‌ను పైకి నెడుతుంది, పట్టే రబ్బరు కప్పు గట్టిపడి జారుతుంది. కప్పును గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, అద్దాన్ని స్పిరిట్‌తో తుడిస్తే మళ్లీ పట్టుకుంటుంది. కారులో చార్జింగ్ ఎక్కకపోతే ముందు సిగరెట్ లైటర్ ప్లగ్ మొన విప్పండి, లోపలి చిన్న ఫ్యూజు కాలిపోయి ఉంటుంది. మామూలు యూఎస్‌బీ వైరు పెడితే కొన్ని మోడళ్లు కంప్యూటర్‌కు కలిపారనుకుని మ్యాపు చూపించవు, కారు వైరే కావాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు తారీఖు చూడాలి. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క 1024 నిండి సున్నాకు తిరిగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కాని డబ్బా దాదాపు ఇరవై ఏళ్ల వెనక తారీఖు చూపించవచ్చు. చోటు సరిగ్గానే చెప్తుంది, కాబట్టి ఆ సాకుతో ధర తగ్గించుకుని, ఇంటికొచ్చాక అప్‌డేట్ చేసుకోవచ్చు. వెనక డొక్క ఉబ్బినట్టుంటే మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.