లండన్ నుంచి ఒక్కరోజు: ఐటమ్ మోటా, హీవరా?

అమ్మానాన్నలు లండన్ వచ్చాక రెండో వారానికల్లా ప్రతి ఇంట్లో ఇదే ప్రశ్న. బిగ్ బెన్ అయింది, టవర్ బ్రిడ్జ్ అయింది, ఈ శనివారం ఎక్కడికి? చుట్టూ అగడ్త ఉన్న పాత ఇల్లు చూపించాలనుకుంటే లండన్ పక్కనున్న కెంట్‌లో మంచివి రెండున్నాయి: హీవర్, ఐటమ్ మోట్. మేం రెండూ చూశాం. ఒకదానికి మళ్ళీ వెళ్ళాం.

హీవర్‌ని క్యాసిల్ అంటారు గానీ లోపలికెళ్తే అది ఇల్లే. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ రెండో భార్య ఆన్ బోలిన్ చిన్నప్పుడు పెరిగిన ఇల్లు. ఆమె ప్రార్థన పుస్తకాలు రెండు అక్కడున్నాయి. ఒకదాంట్లో తన చేత్తో ఫ్రెంచిలో రాసుకుంది: 'కాలం వస్తుంది. నేను, ఆన్ బోలిన్.' 1536 మే నెలలో భర్తే ఆమె తల తీయించాడు. ఆ చిన్న అక్షరాల ముందు నుంచి అమ్మ చాలాసేపు కదల్లేదు.

బయట కనిపించే వైభవం చాలావరకు 1903లో ఆ ఇల్లు కొన్న కోటీశ్వరుడు విలియం వాల్డార్ఫ్ ఆస్టర్ చేయించింది. 38 ఎకరాల చెరువు, ఇటాలియన్ తోట, చెట్లతో పెంచిన చిక్కుదారి, అన్నీ ఆయనవే. పిల్లలుంటే ఇంకో ఆలోచన వద్దు, హీవరే. నీళ్ళ చిక్కుదారిలోకి వెళ్ళిన పిల్లలు తడవకుండా రారు, ఒక జత బట్టలు పెట్టుకోండి. లోపల మెలికల మెట్లు మాత్రం ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి, వెనక జనం ఆగి ఉంటే, టెన్షనే.

ఐటమ్ మోట్ తీరు వేరు. దాదాపు 700 ఏళ్ళ ఇల్లు. అగడ్త నీళ్ళు నేరుగా గోడల్ని తాకుతూ ఉంటాయి. చిన్న వంతెన దాటి గుమ్మంలోంచి వెళ్తే నడిమిన రాతి వాకిలి, దాని చుట్టూ 70కి పైగా గదులు. నాన్న అటూ ఇటూ చూసి, "మండువా లోగిలే కదమ్మా ఇది, చుట్టూ నీళ్ళు పెట్టారంతే" అన్నారు. నాకు ఆ ఇల్లు అప్పుడే అర్థమైంది.

ఆ వాకిట్లో పెద్ద కుక్కగూడు ఒకటుంది. 1891లో డైడో అనే సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క కోసం కట్టారు. చారిత్రక కట్టడాల్లో అన్నిటికన్నా పైదైన గ్రేడ్ వన్ హోదా దానికీ ఉంది! ప్రార్థన మందిరం పైకప్పు మీద హెన్రీ, ఆయన మొదటి భార్య కాథరిన్‌ల గుర్తులు వెలిసిపోయిన రంగుల్లో ఇంకా కనిపిస్తాయి. మెడ నొప్పెట్టినా సరే, తలెత్తి చూడాల్సిందే.

ఈ ఇల్లు మిగలడం వెనక ఒక అమెరికన్ ఉన్నాడు. చార్లెస్ హెన్రీ రాబిన్సన్ 1953లో కొని, నిలబెట్టి, 1985లో చనిపోయినప్పుడు, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి వదిలి వెళ్ళాడు. తర్వాత 1989 నుంచి 2004 దాకా బాగుచేత నడిచింది. ట్రస్ట్ సభ్యత్వం ఉంటే ఇక్కడ టికెట్ అక్కర్లేదు. హీవర్ ట్రస్ట్‌ది కాదు, అక్కడ ఆ కార్డు పనికిరాదు.

ప్రయాణంలో మాత్రం హీవర్‌దే పైచేయి. లండన్ బ్రిడ్జ్ నుంచి రైలు, హీవర్ స్టేషన్ నుంచి ఒక మైలు నడక. ఐటమ్ మోట్‌కి కారు ఉండాలి. మొదటిసారి మేం దగ్గర్లోని సెవెనోక్స్ ఊరి నుంచి ట్యాక్సీలో వెళ్ళాం. తిరుగు ప్రయాణానికి చెప్పి పెట్టుకున్న ట్యాక్సీ రాలేదు, చలిలో నలభై నిమిషాలు నిలబడ్డాం. అయినా రెండోసారి వెళ్ళింది అక్కడికే, ఈసారి కారులో, పులిహోర డబ్బాతో. హీవర్‌లో చూడాల్సినవి ఎక్కువ, రోజంతా పరుగే. ఇక్కడ గోడ నీడ నీళ్ళలో ఊగుతుంటే పెద్దవాళ్ళు తీరిగ్గా కూర్చుని చూస్తారు. అందుకే అమ్మానాన్నలతో అయితే నా ఓటు ఐటమ్ మోట్‌కే.

బర్మింగ్‌హామ్ వైపు ఉన్నవాళ్ళు ఇంత దూరం రానక్కర్లేదు, దగ్గర్లో బాడ్స్‌లీ క్లింటన్ ఉంది. అదీ అగడ్త ఇల్లే. కాథలిక్ గురువుల్ని పట్టుకోడానికి 1591లో సోదా జరిగినప్పుడు వాళ్ళు నేల కింది కాలువలో, నీళ్ళలో నిలబడి నాలుగు గంటలు దాక్కున్నది అక్కడే.