పోస్ట్‌డాక్‌కి అమెరికానా, జర్మనీయా?

నాగార్జున యూనివర్సిటీలోనో, వడ్లమూడి, వడ్డేశ్వరం వైపు డీమ్డ్ యూనివర్సిటీల్లోనో పీహెచ్‌డీ చేసి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) వెతుక్కునేవాళ్లు ముందు జీతాలు పోల్చి చూస్తారు. చూడాల్సింది అది కాదు. ఎన్నేళ్లుంటారు, ఇంట్లోవాళ్లు కూడా వస్తారా, ఈ రెండూ తేల్చుకోండి.

రెండేళ్లే, అదీ ఒంటరిగా అయితే అమెరికాకే మొగ్గు. ఇండియా, అమెరికాల మధ్య పన్ను ఒప్పందంలోని 22వ ఆర్టికల్ ప్రకారం ఇక్కణ్నుంచి నేరుగా వెళ్లి పరిశోధన చేసేవాళ్లకు రెండేళ్లు ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. ఈ మినహాయింపు కోసం పేరోల్ ఆఫీసుకి ఏటా 8233 ఫారం ఇవ్వాలి. దెబ్బతినేది మూడో ఏడు. రెండేళ్లు దాటి ఉండిపోతే మినహాయింపు మొదటి రోజు నుంచే రద్దవుతుంది, పాత పన్నంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ప్రొఫెసరు పొడిగిస్తాడనే సూచన ఉంటే మినహాయింపు అసలు తీసుకోకపోవడమే మంచిది. కొన్ని రాష్ట్రాలు ఈ ఒప్పందాన్ని లెక్కలోకే తీసుకోవు, అదీ ముందే అడగాలి.

జె-1 (పరిశోధకులు ఎక్కువగా వెళ్లే ఎక్స్ఛేంజ్ వీసా) వాళ్లకు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతం కూడా మొదటి రెండేళ్లు కోయరు. అయితే ఇక్కడ ఏడాదంటే క్యాలెండర్ ఏడాది. డిసెంబరు 28న దిగితే ఆ నాలుగు రోజులకే ఒక ఏడాది ఖర్చయిపోతుంది. జనవరిలో చేరతానని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

భార్యాపిల్లలతో మూడేళ్లు, ఆపైన అంటే జర్మనీయే మేలు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో సంపాదన లేని భార్య, పిల్లలు విడిగా ప్రీమియం లేకుండా చేరిపోతారు. భార్యకు ఉద్యోగం చేసుకునే హక్కు రెసిడెన్స్ పర్మిట్‌తోనే వస్తుంది. అమెరికాలో జె-2 (జె-1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వెళ్లినావిడ విడిగా వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టి, అది చేతికొచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి.

జర్మనీలో జీతం బేరమాడేది కాదు. ఎక్కువమందికి టీవీ-ఎల్ ఈ13 (అక్కడి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పే స్కేలు) స్కేలే, 2025లో మొదటి మెట్టుకి నెలకు గ్రాస్ 4,600 యూరోల పైచిలుకు ఉండేది. బేరమల్లా ఆ స్కేల్లో ఏ మెట్టు అన్న దగ్గరే. పాత అనుభవం ఒప్పుకుంటే రెండో మెట్టో, మూడో మెట్టో ఇస్తారు. దానికి ఇక్కడి కాలేజీ నుంచి చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన పని, పూర్తికాలమా కాదా రాసిన లెటరు కావాలి. ‘వీరు మా వద్ద పనిచేశారు, సత్ప్రవర్తన గలవారు’ అన్న రెండు లైన్ల కాగితం చెల్లదు. కాంట్రాక్టు మీద సంతకం కాకముందే అది పంపాలి. వీబీఎల్ (అక్కడి ప్రభుత్వ రంగ ఉద్యోగుల అదనపు పెన్షన్ నిధి) పెన్షన్ సంగతి ఇంకొకటి. కాంట్రాక్టు అయిదేళ్లకు మించకపోతే చేరిన రెండు నెలల్లోపు మామూలు పథకం వద్దని స్వచ్ఛంద పథకానికి మారవచ్చు. మామూలు దాంట్లో 60 నెలలు నిండకపోతే పెన్షన్ హక్కు రాదు.

జర్మనీలో ఏడాదికి 30 రోజుల సెలవు ఉంది, వాడుకోకపోతేనే వింతగా చూస్తారు. కాకపోతే పీహెచ్‌డీ తర్వాత టెంపరరీ కాంట్రాక్టులకు సాధారణంగా ఆరేళ్లే గడువు. అమెరికాలో జె-1 రీసెర్చ్ స్కాలరుకి అయిదేళ్లు, మధ్యలో ముగించి వచ్చేస్తే అదే కేటగిరీలో మళ్లీ వెళ్లడానికి 24 నెలలు ఆగాలి. కొందరు జె-1 వాళ్లు తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న షరతు ఉంది, ఆ షరతు తాలూకు నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబరులో ఇండియాను తీసేశారు. ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవాళ్లకు మాత్రం షరతు అలాగే ఉంది.

ఎటు వెళ్లినా ఇంటిపేరు గొడవ తప్పదు. పాస్‌పోర్టులో పేరంతా సర్‌నేమ్ గడిలోనే ఉండి రెండోదైన గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. పేరోల్‌లో, బ్యాంకులో అదే మీ పేరై కూర్చుంటుంది. పేపర్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, సర్టిఫికెట్లలో పూర్తిగా ఉంటే జర్మన్ హెచ్‌ఆర్ ఇద్దరు మనుషులనుకుంటుంది. వీసాకి దరఖాస్తు పెట్టకముందే విజయవాడలో పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

ఆవకాయ పట్టుకెళ్లండి. నెయ్యి మాత్రం జర్మనీకి వద్దు, బయటి దేశాల పాల పదార్థాలను సామానులో తేనివ్వరు.